దీపాలార్పిన ఠాణా

1972 మార్చి 26, రాత్రి తొమ్మిది గంటలు. మహారాష్ట్రలోని దేసాయిగంజ్ పోలీస్ ఠాణాలో ఒక ఆదివాసీ పిల్ల నిలబడి ఉంది. పక్కన ఆమె అన్న. మరో పక్కన ఆమె పనికి వెళ్లే ఇంటి ఇల్లాలు, ఆ ఇల్లాలి భర్త, వాళ్ల దగ్గరి బంధువు ఒక కుర్రాడు. హెడ్ కానిస్టేబుల్ బాబూరావు ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటున్నాడు.

అది వైన్‌గంగ పారే నేల. ఆ నది ఇంకాస్త కిందికి దిగి, వార్ధాతో కలిసి, ప్రాణహిత పేరుతో మన కాళేశ్వరం దగ్గర గోదారిలో చేరుతుంది. అప్పట్లో దేసాయిగంజ్ చంద్రపూర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడది గడ్చిరోలి జిల్లా.

ఆ పిల్లకు తల్లీ తండ్రీ లేరు. చిన్నతనంలోనే పోయారు. అన్నే పెంచాడు. ఇద్దరూ కూలి చేసుకుని బతికేవాళ్లు. పనికి వెళ్లే ఇంట్లో ఆ కుర్రాడితో పరిచయమైంది, మనసు కలిసింది. ఇద్దరూ మొగుడూ పెళ్లాలుగా బతకాలని అనుకున్నారు. అన్న మాత్రం ఠాణాకు వెళ్లి, ఆ ఇంటివాళ్లు ముగ్గురూ కలిసి తన చెల్లెల్ని ఎత్తుకెళ్లారని ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు అందరినీ పిలిపించారు. అలా వచ్చింది ఆమె ఆ గడపలోకి. ఎవరి సొమ్మూ తీసి కాదు, ఎవరినీ కొట్టి కాదు. చెల్లెలికి రక్షణ కావాలని అన్న అడిగితే వచ్చింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు, కేసుకు జనం ఆ పేరే పెట్టుకున్నారు. అత్యాచార బాధితురాలి పేరు అచ్చు వేయకూడదన్న చట్టం ఆ కేసు వల్లనే వచ్చింది. కనుక ఆమె కథ చెప్పేటప్పుడైనా దాన్ని పాటించాలి. న్యాయస్థానాల సంపుటాల్లో మాత్రం ఈ కేసు నిందితుడి పేరుతో ఉంది: తుకారాం వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర. ఇప్పుడు చెప్పబోయే రాత్రి అంతా ఆ తీర్పులో నమోదైనదే. అందులో లేని మాట ఎవరి నోటా పెట్టలేదు.

* * *

వాంగ్మూలాలు పూర్తయ్యేసరికి పదిన్నర అయింది. బాబూరావు ఇక వెళ్లమన్నాడు. వెళ్లేముందు అన్నకు ఒక పని అప్పజెప్పాడు: చెల్లెలి పుట్టిన తేదీ రిజిస్టరులో ఎలా ఉందో దాని నకలు తెచ్చివ్వాలి. అప్పటి చట్టంలో పదహారేళ్లు గీత. ఆ గీతకు ఇటువైపు ఉంటే ఒక లెక్క, అటువైపు ఉంటే ఇంకో లెక్క. ఈ నకలు సంగతి పాఠకులు కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

బాబూరావు రాత్రి భోజనానికి ఇంటికి వెళ్లిపోయాడు. ఠాణాలో ఇద్దరు మిగిలారు. హెడ్ కానిస్టేబుల్ తుకారాం, కానిస్టేబుల్ గణపత్.

అన్న, ఇల్లాలు, కుర్రాడు, ఆ పిల్ల బయల్దేరారు. పిల్లను మాత్రం ఉండమన్నారు పోలీసులు. మిగతావాళ్లను బయటికి నడవమన్నారు. వాళ్లు నడిచారు.

ఈ ఒక్క క్షణం మీద తర్వాత ఆరేళ్లపాటు మూడు కోర్టులు వాదన విన్నాయి. చెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదేం? అన్న అక్కడే ఉన్నాడు కదా, అతణ్ణి పిలవలేదేం? ఇలా అడిగినవాళ్లలో కూలి చేసుకుని బతికే ఇంట పుట్టి, రాత్రి పదిన్నరకు ఖాకీ బట్టల మనిషి ఆగమంటే ఆగకుండా వెళ్లిన అనుభవం ఎవరికి ఉందో నాకు తెలియదు. ఆ అన్న కూడా వెళ్లమనగానే వెళ్లాడు. మగవాడు, పైగా ఫిర్యాదు ఇచ్చినవాడు. అతనికే ఎదురు చెప్పడం చేతకాలేదు.

ముగ్గురూ బయట నిలబడ్డారు. పిల్ల వస్తుంది కదా అని. కాసేపటికి ఠాణాలో దీపాలు ఆరిపోయాయి. వీధి తలుపు లోపలి నుంచి మూసుకుంది.

పోలీస్ ఠాణాలో రాత్రిపూట దీపం ఆర్పే పనేముంటుంది? చదువులేని ఇల్లాలికైనా తెలుస్తుంది అది మంచి కాదని. ముగ్గురూ ఠాణా చుట్టూ తిరిగి వెనకవైపుకు వెళ్లారు. అక్కడా చీకటే. ఇల్లాలు పిల్లను పేరు పెట్టి గట్టిగా పిలిచింది. లోపలి నుంచి బదులు లేదు. ఆ కేకలకు చుట్టుపక్కల జనం పోగయ్యారు.

లోపల జరిగింది ఆమె తర్వాత చెప్పింది. గణపత్ తనను భవనం వెనక ఉన్న మరుగుదొడ్డిలోకి తీసుకుపోయాడని, బట్టలు వదులు చేసి, టార్చిలైటు వేసి చూశాడని. అక్కడి నుంచి వెనక వసారాలోకి ఈడ్చుకొచ్చి కింద పడేసి, వద్దన్నా వినకుండా చెరిచాడని. దగ్గర్లో మంచం మీద కూర్చుని ఉన్న తుకారాం తర్వాత వచ్చి ఒళ్లంతా తడిమాడని, బాగా తాగి ఉండటంతో అంతకు మించి ఏమీ చేయలేకపోయాడని.

కొంతసేపటికి వెనకవైపు నుంచి తుకారాం బయటికి వచ్చాడు. పిల్ల ఏదని ఇల్లాలు అడిగింది. ఎప్పుడో వెళ్లిపోయిందన్నాడు. ఆ మాట అని తన దారిన పోయాడు. ఆ వెంటనే అదే వెనకవైపు నుంచి ఆ పిల్ల వచ్చింది. జరిగింది అన్నకూ ఇల్లాలికీ అక్కడే, అప్పుడే, గుంపు ముందే చెప్పింది.

ఇక్కడ ఆ ఇల్లాలి గురించి ఒక మాట. కొద్ది గంటల ముందు ఇదే పిల్లను ఎత్తుకెళ్లిందని ఆమె మీద ఫిర్యాదు. అయినా బదులు రాకపోతే వెనక్కి తిరిగిపోలేదు. తెల్లారాక చూద్దామనలేదు. పిల్లను వెంటబెట్టుకుని ఒక డాక్టరు ఇంటికి వెళ్లింది. కానిస్టేబులూ హెడ్ కానిస్టేబులూ కలిసి చెరిచారని ఆయనకు చెప్పింది. డాక్టరు, ఠాణాకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వమన్నాడు.

ఏ ఠాణాకు? అదే ఠాణాకు.

ఠాణా ముందు గుంపు పెరిగింది. గణపత్‌ను కొడతామని, ఠాణాకు నిప్పు పెడతామని కేకలు. కొందరు వెళ్లి బాబూరావును ఇంటి నుంచి పిలుచుకొచ్చారు. అతను జనాన్ని శాంతపరచి పంపించి, ఆ పిల్ల చెప్పింది రాసుకున్నాడు. ఎఫ్ఐఆర్ నమోదైంది. రాయించింది చట్టం అని నాకు అనిపించదు. ఆ గుంపు రాయించింది. చీకట్లో ఒక ఆడమనిషి వేసిన కేక విని ఇళ్లలోంచి లేచి వచ్చిన మామూలు మనుషులు రాయించారు. వాళ్లు రాకపోయి ఉంటే ఈ కేసు మనదాకా వచ్చేదే కాదు.

* * *

మర్నాడు, 27వ తేదీ రాత్రి ఎనిమిదికి వైద్య పరీక్ష జరిగింది. ఘటన జరిగి దాదాపు ఇరవై గంటలు. ఒంటి మీద గాయాలు లేవని నివేదిక. కన్నెపొరకు పాత చిరుగులు ఉన్నాయని, రెండు వేళ్లు తేలికగా పోతున్నాయని నివేదిక. వయసు పద్నాలుగు నుంచి పదహారు మధ్య ఉంటుందని అంచనా. ఒంటి నుంచి తీసిన నమూనాల్లో వీర్యం ఆనవాళ్లు దొరకలేదు. ఆమె బట్టల మీద, గణపత్ పైజామా మీద దొరికాయి.

రెండు వేళ్లు. దాన్ని నివేదికలో రాసిన చెయ్యి, ఆ రాత్రి ఠాణాలో ఏం జరిగిందో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అంతకు ముందు ఆ పిల్ల జీవితంలో ఏం జరిగిందో మాత్రం చెప్పింది. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు కాగితం మీదికి ఎక్కింది. ఎక్కాక ఇక ఆ జవాబే కేసును నడిపింది.

చంద్రపూర్ సెషన్స్ కోర్టు తీర్పు రావడానికి రెండేళ్లు పట్టింది. 1974 జూన్ 1. ఇద్దరూ నిర్దోషులు.

ఆ తీర్పు చదువుతుంటే కడుపులో దేవేస్తుంది. ఆమె పచ్చి అబద్ధాలకోరు అన్నారు జడ్జి. ఆమె సాక్ష్యమంతా అసత్యాలూ అసంభవాలే అన్నారు. ఆమెకు అది అలవాటే అన్నారు, వైద్య నివేదికలోని ఆ వాక్యాన్ని చూపిస్తూ. ఆమె బట్టల మీది మరకలు గణపత్ వల్లే అయి ఉండాలని లేదు, మరెవరి వల్లనైనా కావచ్చు. గణపత్ పైజామా మీది మరక నిద్రలో పడి ఉండవచ్చు. ఆమెకు దొరకని సందేహ లాభం అతని పైజామాకు దొరికింది!

ఇంత చెప్పీ ఆ జడ్జి ఒకటి ఒప్పుకున్నారు. ఠాణాలో గణపత్‌కూ ఆమెకూ శారీరక సంబంధం జరిగిందని. అయితే అది ఆమె ఇష్టంతోనే జరిగిందట. మరి బయటికి రాగానే చెరిచారని ఎందుకు చెప్పింది? దానికీ జవాబుంది. ఇల్లాలు కోపంగా ఉంది, అనుమానిస్తుందని తెలుసు. గుంపులో తను మనువాడదామనుకున్న కుర్రాడు ఉన్నాడు. వాడి ముందు పతివ్రతలా కనిపించాలి కనుక చెరిచారని కల్పించిందట.

ఇక వయసు. పదహారేళ్ల లోపని తేలి ఉంటే ఆమె ఇష్టపడిందా లేదా అన్న ప్రశ్నే చట్టంలో పుట్టదు. డాక్టరు పద్నాలుగు నుంచి పదహారు అన్నారు. బాబూరావు భోజనానికి వెళ్తూ నకలు తెమ్మన్నాడు గుర్తుంది కదా. సెషన్స్ కోర్టు అన్నది ఇది: ఆ రోజుకు ఆమెకు పదహారు నిండలేదనడానికి తృప్తికరమైన ఆధారం లేదు. తల్లిదండ్రులు లేని, కూలి చేసుకునే ఆదివాసీ పిల్ల పుట్టిన తేదీని కాగితం మీద నిరూపించే భారం చివరికి ఆమె నెత్తినే పడింది. మన దేశంలో పేదవాళ్ల పిల్లలకు ఆ రోజుల్లో పుట్టిన తేదీ అంటే ఏ గాలివానో, ఏ కరువో. ఆ ఖాళీలోంచే కేసు జారిపోయింది.

* * *

బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి మాత్రం వేరేగా చూసింది. ఆ ఇద్దరు పోలీసులూ ఆమెకు ముక్కూమొహం తెలియనివాళ్లు. తన అన్న ఇచ్చిన ఫిర్యాదు విచారణలో ఉన్న ఠాణాలో, వాళ్లను తానుగా కోరి దగ్గరికి తీసుకుంటుందని అనుకోలేమంది. మొదలుపెట్టింది పోలీసులే అయి ఉండాలి. భయంతోనో బెదిరింపుతోనో దిక్కు తోచక ఒళ్లు అప్పగించడం వేరు, ఇష్టపడి ఒప్పుకోవడం వేరు అంది. 1976 అక్టోబర్ 12న గణపత్‌కు అయిదేళ్లు, తుకారాంకు ఏడాది కఠిన శిక్ష వేసింది.

చట్టం ఆ రోజు కొత్తగా ఏమీ మారలేదు. అవే సెక్షన్లు, అవే సాక్ష్యాలు, అదే వైద్య నివేదిక. మారింది చూపు ఒక్కటే. ఆమె స్థానంలో నిలబడి చూస్తే ఆ రాత్రి ఎలా కనిపిస్తుందో హైకోర్టు ఆలోచించింది. చట్టం సరిగా లేదు కనుక ఏమీ చేయలేకపోయాం అనే మాట నేను అందుకే ఒప్పుకోను. ఉన్న చట్టంతోనే న్యాయం చెప్పవచ్చని నాగపూర్ చూపించింది.

రెండేళ్లు కూడా నిలవలేదు ఆ న్యాయం. 1978 సెప్టెంబర్ 15న సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. జస్టిస్ జస్వంత్ సింగ్, జస్టిస్ కైలాసం, జస్టిస్ కోశల్ ఉన్న ధర్మాసనం. తీర్పు రాసింది కోశల్.

ఒంటి మీద ఒక్క గాయమూ లేదు కనుక, అది ప్రశాంతంగా జరిగిన వ్యవహారమని అర్థమవుతోందట. గట్టిగా ఎదిరించానని ఆమె చెప్పింది అబద్ధమట. సాయం కోసం అరిచానని చెప్పిందీ అబద్ధమట. అన్న పక్కనుండగా గణపత్ చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంటే విదిలించుకోలేదు, గోల చేయలేదు కనుక భయపడి లొంగిందని అనలేమట. ఇష్టాన్ని చెల్లకుండా చేసే భయం అంటే చట్టం ప్రకారం ప్రాణభయమో దెబ్బల భయమో అయి ఉండాలి. అలాంటి భయం ఉన్నట్టు హైకోర్టు ఎక్కడా తేల్చలేదట. తుకారాం విషయంలో ఎఫ్ఐఆర్‌లో చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ పొంతన లేదు కనుక అతనికీ విముక్తి.

తలుపు మూసిన మాట ప్రాసిక్యూషన్ కథనంలో ఉంది. దీపాలార్పిన మాట ఉంది. పిల్ల లోపలుండగానే వెళ్లిపోయిందని తుకారాం చెప్పిన మాట ఉంది. విడుదలకు చెప్పిన కారణాల్లో మాత్రం వాటి ఊసు లేదు. నువ్వెందుకు అరవలేదని ఆమెను నిలదీసిన తీర్పు, నువ్వు దీపం ఎందుకు ఆర్పావని ఆ పోలీసుల్ని నిలదీయలేదు. ఇల్లాలు బయటి నుంచి గొంతు చించుకుని పిలిస్తే లోపలి నుంచి పలుకు రాలేదే, ఎందుకు రాలేదు? నోరెత్తలేని స్థితిలో ఆమెను ఉంచింది ఎవరు? ఈ కేసులో నాకు అన్నింటికంటే పెద్ద సాక్ష్యం ఆ నిశ్శబ్దమే. కోర్టు దాన్ని అంగీకారంగా లెక్క కట్టింది.

* * *

తీర్పు వచ్చిన రోజు దేశంలో ఎవరూ ఉలిక్కిపడలేదు. కొన్ని పేజీల తీర్పు, న్యాయ సంపుటాల్లోకి వెళ్లి కూర్చుంది. ఏడాది గడిచింది.

1979 సెప్టెంబర్ 16న నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, పుణె నుంచి వసుధా ధగంవార్. అత్యున్నత న్యాయస్థానం చెప్పిన తీర్పు తప్పని, ఇది మానవ హక్కులకు దెబ్బ అని, వీధికెక్కి అడగడం అధ్యాపకులకు అప్పట్లో అలవాటు లేని పని. వాళ్లు అడిగింది చాలా సూటిగా ఉంది. లొంగిపోవడానికీ ఒప్పుకోవడానికీ తేడా లేదా? పెళ్లికి ముందు ఒకడితో సంబంధం ఉంటే ఇక ఆ పిల్లను ఏ పోలీసైనా చెరచవచ్చా? ఇద్దరు పోలీసుల గుప్పిట్లో ఉన్న పద్నాలుగు, పదహారేళ్ల పిల్ల అరిచి అడ్డుకోవాలని కోర్టు నిజంగా ఆశిస్తోందా? ఆడపిల్లను రాత్రివేళ ఠాణాలో ఆపి ఉంచినందుకు తీర్పులో ఒక్క మందలింపైనా లేదేం?

ఆ ఉత్తరం చేతులు మారింది, పత్రికలకెక్కింది, మహిళా సంఘాల సమావేశాల్లో గట్టిగా చదివారు. 1980 మార్చి 8న పలు నగరాల్లో ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి కేసును తిరిగి విచారించమని అడిగారు. బొంబాయిలో అత్యాచారాలకు వ్యతిరేకంగా ప్రత్యేకంగా ఒక వేదికే పుట్టింది. తీర్పును పునఃసమీక్షించమంటే సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు.

మన హైదరాబాద్‌కు ఈ సంగతి పరాయిది కాదు. సుప్రీం కోర్టు ఆ తీర్పు చెప్పడానికి అయిదారు నెలల ముందు, 1978 మార్చి చివరిలో, రాత్రి సినిమా చూసి ఇంటికి నడిచి వెళ్తున్న ఒక రిక్షా కార్మికుణ్ణీ అతని భార్యనూ పోలీసులు పట్టుకున్నారు. నల్లకుంట ఠాణా. భార్య మీద అత్యాచారం, భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు, కర్ఫ్యూ. చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయి నెల కూడా కాలేదు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్‌తో విచారణ సంఘం వేసింది. అక్కడ పోలీసుల తరఫు వాదనంతా ఆమె నడత చుట్టూనే తిరిగింది. ఆమెది సక్రమమైన పెళ్లే కాదన్నారు. ఒళ్లు అమ్ముకునే మనిషి అన్నారు. ముక్తదర్ అవేవీ నమ్మలేదు, పోలీసులదే నేరమని తేల్చారు. ఆ తర్వాత క్రిమినల్ కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో అక్కడి కోర్టు నిందితులను వదిలేసింది.

దేసాయిగంజ్‌లో ప్రేమించిన కుర్రాడు ఉండటం నేరమైంది. నల్లకుంటలో మొగుడు ఉన్నా, అతను మొగుడే కాదనడంతో మొదలైంది. పెళ్లి కాకపోతే తప్పు, అయితే ఆ పెళ్లి చెల్లదు. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో పుట్టింది. ఈ రెండు కేసులూ చూశాక ఊరుకోవడం ఆ తరం ఆడవాళ్లకు సాధ్యం కాలేదు.

* * *

చట్టం 1983లో మారింది. సాక్ష్య చట్టంలోకి 114ఎ సెక్షన్ వచ్చింది. పోలీసు నిర్బంధంలోనో, ప్రభుత్వోద్యోగి అదుపులోనో ఉన్న స్త్రీతో నిందితుడు సంబంధం పెట్టుకున్నాడని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె సాక్ష్యం చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. నిర్బంధంలో అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష. విచారణ మూసిన తలుపుల మధ్య. బాధితురాలి పేరు ప్రచురించడం నేరం. 1972లో ఈ 114ఎ ఉండి ఉంటే సంబంధం జరిగిందని సెషన్స్ జడ్జి ఒప్పుకున్న ఆ వాక్యం దగ్గరే గణపత్‌కు శిక్ష పడి ఉండేది. ఆమెకు మాత్రం ఇవేవీ అక్కరకు రాలేదు. ముగిసిన కేసు కోసం చట్టం వెనక్కి నడవదు.

కొన్ని మాత్రం చాలాకాలం మారలేదు. ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చే వీలు సాక్ష్య చట్టంలో 2002 దాకా అలాగే ఉంది. ఒంటితో ఎదిరించకపోయినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో అక్షరాలా రాసింది 2013లో. అదీ 2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సు ఘోరం తర్వాత, జస్టిస్ వర్మ కమిటీ చెప్పాక. రెండు వేళ్ల పరీక్ష స్త్రీ గౌరవానికి భంగమని సుప్రీం కోర్టు 2013లో అంది. అయినా ఆగలేదు. అది చేసిన డాక్టరుది దుష్ప్రవర్తనగా పరిగణించాలని 2022 అక్టోబర్‌లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. దేసాయిగంజ్ పిల్ల నివేదికకూ ఆ మాటకూ మధ్య యాభై ఏళ్లు.

ఇన్ని మార్పుల తర్వాత మన గడ్డ మీద ఏం జరిగిందో కూడా చెప్పాలి.

2007 ఆగస్టు 20. విశాఖ మన్యం, జి. మాడుగుల మండలం, వాకపల్లి. మావోయిస్టుల కోసం గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోంద్ ఆదివాసీ ఆడవాళ్లు ఫిర్యాదు చేశారు. ఒక్కరు కాదు, పదకొండు మంది. పిల్లాజెల్లా ఉన్నవాళ్లు. అబద్ధమాడి బావుకునేదేమీ లేనివాళ్లు. బయటికి చెప్పుకుంటే సొంత ఊళ్లో, సొంత ఇంట్లో తలవంపులని తెలిసీ చెప్పారు. మావోయిస్టులు చెప్పించారన్నది వెంటనే వచ్చిన బదులు. దేసాయిగంజ్‌లో కుర్రాడు, నల్లకుంటలో నడత, ఇక్కడ నక్సలైట్లు. ఆమె చెప్పింది ఆమెదే అయి ఉండదని నమ్మించడానికి ప్రతిసారీ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది.

114ఎ అప్పటికి పుస్తకంలో ఇరవై నాలుగేళ్లుగా ఉంది. ఇష్టం ఉందా లేదా అని ఆ ఆడవాళ్లను ఎవరూ అడగనక్కర్లేదు. కేసు అక్కడిదాకా వెళితే కదా. ముందు తేలాల్సింది ఎవరు అన్నది. ఆ రోజు ఆ ఊరికి వెళ్లిన దళంలో ఎవరెవరు ఉన్నారు, వాళ్లలో ఎవరిని ఈ ఆడవాళ్లు గుర్తుపడతారు. అది తేల్చే పని పోలీసులదే, తేలాల్సిందీ పోలీసుల మీదే. మొత్తం 21 మంది మీద ఫిర్యాదు. 2012లో హైకోర్టు 13 మంది మీదే విచారణ సాగనిచ్చింది. 2017లో సుప్రీం కోర్టు ఆరు నెలల్లో విచారణ ముగించమంది. ఆరు నెలలు కాదు, అయిదేళ్లకు పైగా పట్టింది. ఆ ఆడవాళ్లు కొండ దిగి, విశాఖపట్నం కోర్టు బోను ఎక్కి, తమకు జరిగింది పరాయి మగవాళ్ల ముందు మళ్లీ మొదటి నుంచి చెప్పారు.

2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. 13 మందీ నిర్దోషులు. దర్యాప్తు సక్రమంగా జరగకపోవడమే అందుకు కారణమంది. దర్యాప్తు అధికారి వైఫల్యం మీద చర్యకు పంపమంది. ఆ ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వమని ఆదేశించింది.